నస్రీన్ గొంతు

జోయా మళ్లీ ఆ ఫోన్ తీసింది.

ఫిర్దౌస్ వంటగదిలోంచి చూసింది. ఎనిమిదేళ్ల పిల్ల గోడకు ఆనుకుని కూర్చుంది. అద్దం పగిలిన ఫోన్‌ను కుడి చెవికి అదుముకుంది. కళ్లు మూసుకుని నవ్వుతోంది.

ఫోన్ నస్రీన్‌ది. ఫిర్దౌస్ భర్త రహీంకు మొదటి భార్య. పోయి రెండేళ్లయింది. పోయే ముందు, దవాఖాన మంచం మీద నుంచే కూతురి కోసం కథలు చెప్పి అందులో రికార్డు చేసింది. నీరసపు గొంతు. చెవికి ఆనించుకుంటే తప్ప వినపడదు.

ఫిర్దౌస్ పొయ్యి ఆర్పింది. దువ్వెన తీసుకుని పిల్ల పక్కన చేరింది.

పొద్దున బడికి పంపేటప్పుడు జుట్టుకు రబ్బరు బ్యాండు బిగించి తోసేసేది. సాయంత్రం మాత్రం పాయపాయ విడదీసి దువ్వేది. ఆ మనిషి ఏం చెబుతోందో ఒక్క మాటైనా తన చెవిన పడుతుందేమోనని.

పడేది కాదు.

బతికున్న సవతితో కొట్లాడవచ్చు. చచ్చిన సవతితో కుదరదు.

రహీం కరెంటు ప్లాంటులో డ్యూటీ దిగి చెల్పూర్‌లోని ఇంటికి రాగానే ఆ ఫోన్‌కు చార్జింగ్ ఉందో లేదో చూసేవాడు. ఆ తర్వాతే భార్యను పలకరించేవాడు. పిల్లకు వండేది ఫిర్దౌస్. ఉతికేది ఫిర్దౌస్. జ్వరమొస్తే భూపాలపల్లికి ఎత్తుకుని పరుగెత్తేది ఫిర్దౌస్. అయినా జోయా ఆమెను ఖాలా అనేది. అంటే పిన్ని. అమ్మీ అనే పిలుపు ఫోన్లో ఉన్న మనిషికే. ఫిర్దౌస్‌కు కావలసింది ఆ ఒక్క పిలుపు.

గడపలో కూర్చున్న అత్త బషీరున్నీసా ఒకరోజు అననే అన్నది.

"ఎంత దువ్వినా జుట్టే నీ చేతికొస్తది బేటీ. పిల్ల రాదు."

బడిలో చేతిరాత పరీక్ష పెట్టారు. చంద్రమోహన్ సారు ఫిర్దౌస్‌ను పిలిపించాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయన్నాడు. కాని చెప్పింది సగమే రాస్తుందట. తను గదిలో తిరుగుతూ చెబుతుంటే మధ్యలో మాటలకు మాటలే వదిలేస్తుందట. ధ్యాస ఇక్కడ లేదన్నాడు.

ఎక్కడుందో ఫిర్దౌస్‌కు తెలుసు.

ఇంటికి రాగానే నస్రీన్ ఫోన్ తెరిచింది. కథలన్నీ తుడిచేసింది. ఒక్కటీ వినలేదు. వింటే చెయ్యి ఆడదని భయం.

మర్నాడు జోయా ఫోన్ తీసింది. కుడి చెవికి పెట్టుకుంది. కళ్లు మూసుకుని, ఎప్పటిలాగే నవ్వింది.

ఫిర్దౌస్ దువ్వెన జుట్టులోనే ఆగింది. గొంతు తీసేసినా ఆ మనిషి మాట్లాడుతూనే ఉంది. ఇంకేం తుడవాలి? ఫిర్దౌస్ చిక్కును కసిగా లాగింది. పిల్ల కదలలేదు.

ఆ నెలలోనే బడికి ఆరోగ్య సిబ్బంది వచ్చి పిల్లల చెవులు పరీక్షించారు. జోయాను భూపాలపల్లి దవాఖానలో చూపించమన్నారు. అక్కడ డాక్టరమ్మ హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా వేలెత్తమంది. ఎడమ చెవికి వేలు లేస్తూనే ఉంది. కుడి చెవికి ఒక్కసారీ లేవలేదు.

"ఈ చెవి పుట్టుకతోనే పోయి ఉంటుంది," అన్నది డాక్టరమ్మ. "బడిలో సారు ఆ పక్కన నిలబడి చెప్పే మాటలు పిల్లకు సరిగా అందవు. ఇన్నేళ్లు ఇంట్లో ఎవరూ చూసుకోలేదా?"

ఫిర్దౌస్ లేచింది. పిల్లను బయటికి తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టింది. తను ఎటు కూర్చోవాలో తెలియక కాసేపు నిలబడింది. తర్వాత ఎడమ పక్కన కూర్చుంది.

"ఆ చెవుకు ఫోన్ పెట్టుకొని రోజూ ఏం ఇన్నవే?"

"ఏం ఇనలే. ఆ చెవుకు ఏం ఇనవడది."

"మరి కథలు?"

"అవి నాకు ఎప్పుడో నోటికొచ్చినయ్."

"మరెందుకు పెట్టుకుంటవ్?"

జోయా మొహం మీద పడ్డ జుట్టును వెనక్కి తోసుకుంది.

"ఫోన్ పెట్టుకుంటెనే గద నువ్వొచ్చి నా తల దువ్వేది, అమ్మీ."