ఊదా చుక్క

మనవడి మూత్రం నింపిన సన్నటి గాజు గొట్టాన్ని కాగితానికి ఆనించింది ఆమె. పక్కనే, పోల్చి చూసుకోవడానికి, ల్యూసిన్ అనే పదార్థపు చుక్క పెట్టింది.

కాగితం అంచును జాడీలోని ద్రావకంలో ముంచి మూత పెట్టింది. తడి పైకి పాకుతుంది. కలగలిసిన పదార్థాలను వెంట తీసుకెళ్తూ ఒక్కోదాన్ని ఒక్కో ఎత్తులో వదిలేస్తుంది. తర్వాత మందు చల్లి వేడి చేయాలి. ల్యూసిన్ ఆగిన ఎత్తులోనే పిల్లవాడి వరసలోనూ ముదురు ఊదా చుక్క తేలితే, వంశపారంపర్యంగా పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నట్టే.

ల్యాబ్ బయట బెంచీ మీద అల్లుడు పిల్లవాణ్ణి భుజాన వేసుకుని కూర్చున్నాడు.

"మీ అమ్మాయి రాలేదా అక్కా?" కొత్తగా బదిలీ మీద వచ్చిన సహోద్యోగిని అడిగింది.

"కుదరలేదు."

"ఏమీ ఉండదులెండి. ఇప్పుడే చూశాగా, గుమ్మడిపండులా ఉన్నాడు."

"ఆ మాట అనకు తల్లీ."

"సరే, నోరు కుట్టేసుకున్నా."

కాగితం వేడెక్కింది. పిల్లవాడి వరసలో ఊదా రంగు తేలింది. ఆమె కాగితం మీదికి వంగింది.

సహోద్యోగిని కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి పకపకా నవ్వింది. "ఇది చుక్కేంటక్కా, మీ వేలిముద్ర! గ్లవ్స్ వేసుకోలేదా? వేలి చెమటకీ ఇదే రంగు వస్తుందని మొన్న నన్ను చీవాట్లు పెట్టింది మీరేగా!"

ఆమె తన వేలి వంక చూసుకుంది. ఇన్నేళ్ల సర్వీసులో ఎన్నడూ చేయని తప్పు. వేలు పొరపాటున తగిలిందా, తానే తగిలించిందా?

"ఈసారి నేను పెడతాను. మీరు కూర్చోండి."

రెండో కాగితం తాపీగా తడిసింది. ఆమె జాడీ వైపు చూడలేకపోయింది. చూడకుండానూ ఉండలేకపోయింది.

మందు చల్లిన కాగితం వేడికి ఆరింది. రెండు చుక్కలు విచ్చుకున్నాయి. పక్కపక్కనే, ఒకే ఎత్తులో.

సహోద్యోగిని మొహంలో నవ్వు మాయమైంది. "అక్కా... ఇది వేలిముద్ర కాదు."

ఆమె అరచేత్తో నోరు గట్టిగా మూసుకుంది. కళ్లు నిండాయి.

"ఏడవకండి. ముందే తెలిసింది కదా, తిండి మార్చి పెంచుకుంటే గండం గడుస్తుంది. తెలియకపోతేనే ప్రాణం మీదికి వస్తుంది."

పెద్ద మనవణ్ణి పొట్టన పెట్టుకున్నది ఈ జబ్బేనని, కన్నతల్లి పెట్టిన విషం కాదని చూపించి కూతుర్ని జైలునుంచి తెచ్చుకోవచ్చని, ఆ అరచేతి కింద ఆమె నవ్వుతోంది.