పద్దెనిమిది కిలోలు

మైదానం చుట్టూ నడుస్తూ, మూడో చుట్టు సగంలో పీపా ఓ బెంచీ మీద కూలబడి, జేబులోంచి కేకు ముక్క తీశాడు.

అతను బేకరీలో క్రీము గిలకొట్టే మనిషి. ఆకారం చూసి తోటివాళ్లు పెట్టిన పేరు పీపా. అసలు పేరు అక్క తప్ప ఎవరూ పిలవరు.

కాగితం విప్పాడో లేదో, ఒక ముసలావిడ వచ్చి ఎదురుగా నిలబడింది.

చూడగానే అతను బెంచీ చివరకు జరిగాడు. ఆమె చేతుల కింద చర్మం తడిబట్టల్లా వేలాడుతోంది. మెడనిండా మడతలు, మడతల్లో చెమట. గొంతులో ఏదో గురగురలాడుతోంది.

"ఎన్ని చుట్లయ్యాయి?" అంది.

"నీకెందుకు?"

"రెండున్నర. నేను చూస్తూనే ఉన్నా. లే."

పిచ్చిదనుకుని, మొహం తిప్పుకుని కేకు నోటి దగ్గరకు తీసుకెళ్లాడు.

ఆమె వంగి కేకు మీద తుపుక్కున ఉమ్మింది.

"ఇప్పుడు తిను" అంది తాపీగా.

అతను కేకు విసిరేసి లేచాడు. "ఛీ, మనిషివేనా నువ్వు?"

"కాళ్లున్నాయిగా. తిట్టుకుంటూ నడు."

ఆ రోజు అతను ఆరు చుట్లు తిరిగాడు. నడక కోసం కాదు, ఆమెకు దూరంగా పోవడానికి.

అతని అక్కకు రెండు కిడ్నీలూ పాడైపోయాయి. తమ్ముడిది సరిపోతుందన్నారు డాక్టర్లు. అయితే ఇంత కొవ్వు మీద కత్తి పెట్టలేం, పద్దెనిమిది కిలోలు తగ్గి రమ్మన్నారు. ఎంత త్వరగా వస్తే అంత మంచిదన్నారు.

మొదటి నెల మూడు కిలోలు తగ్గాడు. రెండో నెల నాలుగు పెరిగాడు.

పొద్దస్తమానం క్రీములో చేతులు పెట్టుకుని నోరు కట్టుకోవడమంటే మాటలా. గిన్నె అంచున మిగిలింది వేలితో నాకేవాడు. ఇంటికెళ్లి అద్దంలో చూసుకుని, తన పొట్టను తనే అసహ్యించుకునేవాడు. ఆ బాధ మరిచిపోవడానికి మళ్లీ తినేవాడు.

దానికి తోడు ఇప్పుడీ ముసల్ది.

రోజూ సాయంత్రం అతను మైదానంలో అడుగుపెట్టేసరికి తయారుగా ఉండేది. పదడుగుల వెనక నడిచేది. దగ్గేది, కాండ్రించేది, ఉమ్మేది.

"ఏం అబ్బాయ్, బండి మొరాయించిందా?"

"నిన్న క్రీము నాకావుగా? మొహమే చెబుతోంది."

"అలా చూస్తావేం? చూపులకు చెమట పట్టదు. నడు."

ఆమె ఊపిరి ఎక్కడ వీపుకు తగులుతుందోనని అతను వేగం పెంచేవాడు. ఆమె కూడా పెంచేది.

బేకరీలో గిన్నె ముందు నిలబడితే ఆ తెల్లటి నురగ మీద ఆమె ఉమ్మి కనబడేది. డోకొచ్చేది. వేలు ముందుకు పోయేది కాదు.

"చిక్కిపోతున్నావురా. నా కోసం కడుపు మాడ్చుకుంటున్నావా?" అంది అక్క మంచం మీంచి.

"నీ కోసమే అనుకున్నానక్కా. కానీ నా వల్ల కాలేదు. ఓ దరిద్రపు ముసల్ది తగులుకుంది. అది గుర్తొస్తే ముద్ద దిగట్లేదు."

అక్క నవ్వింది. "ఎవరో గానీ, చల్లగా ఉండాలి."

"దూరంగా ఉంటే చాలు."

ఒకసారి ఒళ్లు నొప్పులని రెండు రోజులు నడకకు వెళ్లలేదు. మూడో రోజు ఆమె బేకరీకే వచ్చేసింది. అద్దాల అవతల నిలబడి, లోపల కేకులు తింటున్న జనం చూస్తుండగా దగ్గి దగ్గి గుమ్మం పక్కన ఉమ్మింది. ఇద్దరు ప్లేట్లు వదిలేసి లేచిపోయారు.

"ఎవరయ్యా ఆవిడ? మీవాళ్లా?" అని అరిచాడు యజమాని.

పీపాకు తల కొట్టేసినట్లయింది. ఆ సాయంత్రమే మైదానం కాపలాదారు దగ్గరకు వెళ్లాడు.

"ఆ మనిషిని లోపలికి రానిస్తే రోగాలు అంటుకుంటాయి. తర్వాత నీ ఇష్టం."

మర్నాడు కాపలాదారు ఆమెను గేటు దగ్గరే ఆపేశాడు. ఆమె పోట్లాడలేదు. పీపా వచ్చేదాకా బయటే నిలబడింది.

"ఇంకెన్ని కిలోలు?" అంది.

"నాలుగు."

"నడక ఆపవుగా?"

"నీ మొహం చూడకుండా ఉంటే ఆపను."

"అయితే సరే" అని, రోడ్డు దాటి వెళ్లిపోయింది.

పీడ వదిలిందనుకున్నాడు. కాళ్లకు నడక అలవాటైపోయింది. ఆ నాలుగు కిలోలూ వాటంతట అవే కరిగినట్లు కరిగాయి.

ఆస్పత్రిలో నర్సు బరువు చూసి, రాసుకుని, "సరిపోయింది. వచ్చే వారమే ఆపరేషన్" అంది. "ఎలా పట్టుదలగా ఉండగలిగారు?"

పీపాకు నవ్వొచ్చింది. "పట్టుదలా, పాడా. అసహ్యం సిస్టర్. నా కేకు మీద ఎవరో ముసల్ది ఉమ్మేసింది."

నర్సు నవ్వలేదు.

"ఆ రోజు ఇక్కడికొచ్చి ఏడ్చింది" అంది. "ఆకలిగా ఉన్నవాడి నోటి దగ్గర ఉమ్మానమ్మా, నాకు పుట్టగతులుంటాయా అని."

పీపా కాటా దిగి ఆమె ఎదుటికి వచ్చాడు.

"పోయిన వారం కూడా వచ్చి అడిగింది, కేకుల అబ్బాయి తగ్గాడా అని. దాదాపు తగ్గాడన్నాను. అద్దెగది ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఎక్కడికో చెప్పలేదు."

"నా సంగతి ఆవిడకెలా తెలుసు?"

"మీకు పద్దెనిమిది కిలోలని డాక్టరుగారు చెప్పిన రోజు, పక్క కుర్చీలో ఉంది. అంతా వింది."

"ఆవిడకిక్కడేం పని?"

నర్సు అతని కాగితాలు సర్ది పక్కన పెట్టింది.

"కొడుక్కి కిడ్నీ ఇవ్వాలంటే ఇరవై రెండు కిలోలు తగ్గాలన్నాం, తగ్గింది, కానీ ఆ అబ్బాయి అంతదాకా ఆగలేదు... అతను పోయిన తొమ్మిదో రోజది, మేం చెప్పిన బరువుకు దిగిందో లేదో కాటా ఎక్కి చూసుకోవడానికి వచ్చిందండీ ఆ తల్లి."