నీలం తిరిగే రాయి

బండ్లూ పొయ్యిలూ అన్నీ ఇనుప ఫాస్ఫేటు రాయి మీదే నడిచే రోజులవి. తంపర చిత్తడి నేల బురదలో గొడ్డెముకలు పాతి మందు చల్లితే ఏడాదికల్లా వాటి చుట్టూ ఆ రాయి పెరిగేది. చీకట్లో ఉన్నంతసేపూ గాజులా ఉండి, ఎండ తగిలితే నీలం తిరిగేది. నీలం తిరిగితే ధర పోతుంది కాబట్టి రకాలు వేరుచేసే షెడ్డులో ఎర్రదీపం ఒక్కటే వెలిగేది.

నూకరత్నం ఒక రాయిని గోటితో గీసింది. మెత్తగా గీత పడింది.

"మొదటి రకం, మేస్త్రీ!"

"నీ సెయ్యి సల్లగుండ!" అన్నాడు దాలినాయుడు.

అంతలో రాయి పొర ఊడివచ్చింది. లోపల ఎముక, దానికి మరలతో బిగించిన స్టీలు పట్టీ. కూలి పెంచమని గొడవపడి, నిరుడు కనబడకుండా పోయిన తమ్ముడు సూరప్పడి విరిగిన మోచేతికి ఆమె దగ్గరుండి వేయించిన పట్టీ అది.

"మా సూరిగాడు మద్రాసు ఎలిపోనాడని నువ్వేగదా సెప్పినావు!"

"అది గొడ్డెముకే. ఒగ్గీ."

"గొడ్డుకి మరలెవులు బిగిత్తారు?"

దాలినాయుడు ఆ రాయిని సుత్తితో పిండి చేశాడు. పిండి అంటిన చేతులతోనే ఆమె గొంతు నులిమాడు.

"అరిసినావంటే వచ్చే ఏడాదికి నువ్వూ మొదటి రకమే!"

ఆమె పిండిలో మిగిలిన ఆ పట్టీ అందుకుని, దానితోనే అతని చెంప చీల్చి, రేకు తలుపు తోసుకుని మిట్టమధ్యాహ్నపు ఎండలో పడింది. పారలతో కూలీలు చుట్టూ మూగారు.

"ఏటైందప్పా?"

ఆమె గడ్డం పైకెత్తి చూపించింది. వాళ్లు చూస్తుండగానే ఆమె మెడ మీది తెల్లటి వేళ్ల గుర్తులు మెల్లగా నీలం తిరిగాయి. నెత్తురు కారుతున్న చెంపతో, చేతిలో సుత్తితో దాలినాయుడు బయటికొచ్చాడు. ఎండలో అతని చేతులూ నీలం తిరిగాయి.

పారలు పైకి లేచాయి.