సగాలావిడ

ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని అద్దెకుంటున్న ఆవిడ నెల మొదట్లో ఆ ఇంటి తలుపు రెండుసార్లు తట్టేది.

మొదట హాల్లో ఇంటాయనకి సగం అద్దె ఇచ్చేది. తర్వాత చుట్టూ తిరిగి వంటింటి గుమ్మంలోకి వచ్చి, ఇల్లాలు తడిచేతులు కొంగుకి తుడుచుకునేదాకా నిలబడి, మిగతా సగం ఆమె చేతిలో పెట్టేది.

"ఏమ్మా, హాల్లోంచి వంటింటికి డబ్బు నడవలేదా?" అని ఎగతాళి చేశాడు ఇంటాయన.

"వంటింట్లోంచి హాల్లోకైతే పరిగెత్తుకొస్తుందండీ. అటు వెళ్లమంటేనే దానికి కాళ్లు రావు."

ఆ రోజే ఆయన ఆవిడకి 'సగాలావిడ' అని పేరు పెట్టేశాడు.

ఇల్లాలికీ విసుగే.

"పాలు పొంగిపోతున్నాయక్కా. మొత్తం ఆయనకే ఇచ్చేయకూడదూ?"

"ఇల్లు ఇద్దరి పేరా ఉందిగా తల్లీ. సగం నీ పుట్టింటి డబ్బేగా."

"మాలో మాకు నీదీ నాదీ ఏంటక్కా?"

ఇల్లాలు నవ్వేసి, సగాలావిడ మెట్టు దిగకముందే ఆ సగాన్ని తీసుకెళ్లి భర్త జేబులో పెట్టేసేది.

చూపు మందగించి సగాలావిడ గది ఖాళీ చేసింది. కొత్తగా దిగినవాళ్లు అద్దె అంతా ఇంటాయనకే ఇస్తున్నారు. ఇల్లాలికి చేతులు తుడుచుకునే పని తప్పింది.

పన్నులు కట్టే రోజులొచ్చాయి. భార్యాభర్తలిద్దరూ లెక్కలు రాసే పెద్దాయన దగ్గరికి వెళ్లారు. భర్త సంచిలో ఇంకో కాగితం ఉంది. తమ్ముడి అప్పుకి ఇల్లు హామీ పెట్టే కాగితం. దాని మీద ఆమె సంతకం ఒక్కటే తక్కువ.

"అద్దె మొత్తం మా ఆవిడ పేర రాసేయండి. తనకి వేరే రాబడి లేదు, పన్ను పడదు."

"కుదరదండీ. చెరిసగం పెట్టి కొన్నారు. అద్దె కూడా చెరిసగమే. ఎవరి సగానికి వాళ్లే పన్ను."

"తనదేముందండీ, పేరుకేగా."

"పన్ను దగ్గర మొత్తం ఆవిడదీ, మిగతా రోజుల్లో పేరుకా?" పెద్దాయన నవ్వి ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా, నీ సగం ఎప్పుడైనా నీ చేతికి వచ్చిందా?"

ఆమె అరచెయ్యి చూసుకుంది.

"వచ్చేదండీ. ఒకావిడ తెచ్చి పెట్టేది. నేనే నిలుపుకోలేదు."

భర్త కాగితం బయటికి తీయబోయాడు.

"లోపలే ఉంచండి. నా సగానికి నేను సంతకం పెట్టను."

"చూశారా, సగాలావిడ గాలి సోకింది" అన్నాడు భర్త మొహం మాడ్చుకుని.

"ఎవరు, మీ ముందుగదిలో కుట్టుమిషనావిడా?" పెద్దాయన కలం కింద పెట్టాడు. "మొన్ననే పోయింది పాపం."

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"అంత పట్టుదల ఎందుకో ఆవిడకి? ఒక్కసారీ అడగలేదు నేను."

"మీకు అమ్మినవాళ్లకంటే ముందు ఆ ఇల్లు ఆవిడదీ, వాళ్లాయనదీనమ్మా, పేరుకేగా అని మొగుడంటే ఇప్పుడు నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని హామీ కాగితం మీద సంతకం పెట్టి, ఇల్లు పోగొట్టుకుని, ఆఖరికి ఒకప్పుడు సగం తనదైన ఇంట్లోనే ముందుగదికి అద్దె కట్టుకుంది."