కోసేసిన పేజీ

“ఇది చింపింది కాదు, చాకుతో కోసింది,” అంది థెల్మా భూతద్దం పక్కన పెడుతూ. “ఇంత నీటుగా కోసినవాడు మీ ముత్తాతే అయ్యుంటాడు క్లారీ. మీ టిబల్స్ వాళ్ళకి చేతిపని బాగా వచ్చని విన్నాను.”

క్లారీ టిబల్స్‌కి నవ్వు రాలేదు. చర్చి బాప్తిస్మాల పుస్తకంలో 1839వ సంవత్సరం పేజీ ఉండాల్సిన చోట సన్నటి అంచు మాత్రమే మిగిలింది. ఆ పేజీ కోసమే అతను మూడు నెలలుగా ప్రతి గురువారం అరవై కిలోమీటర్లు కారు నడుపుకుంటూ ఈ లోయకి, థెల్మా చూసుకునే ఈ చరిత్ర గదికి వస్తున్నాడు.

ఈ ఆస్ట్రేలియా దీవి టాస్మేనియాలో ఒకప్పుడు అదో జబ్బు. బ్రిటన్‌లో శిక్ష పడి, సంకెళ్ళతో ఇక్కడ ఓడ దిగిన తాతను దాచడానికి మనవలు చర్చి పుస్తకాలనే కోసేవారు. ఇప్పుడు అలాంటి తాత దొరికితే చాలు, పటం కట్టి హాల్లో తగిలిస్తున్నారు. ఒక పేజీకి ఎనిమిదిమంది పిల్లల పేర్లు పట్టేవి. ఎవరో పుణ్యాత్ముడు ఒక్క పేరు దాచబోయి ఎనిమిది ఇళ్ళవాళ్ళకీ ఆధారం లేకుండా చేశాడు.

“ఇంకే కాగితమూ లేదా?”

“ఓడ జాబితాలో మీ టిబల్స్ ఉన్నాడు. దిగాక ఎటు పోయాడో లేదు. జనాభా లెక్కలో యజమాని పేరు రాసి, కింద ‘పనివాళ్ళు ఇద్దరు’ అన్నారు. పేర్లు రాస్తే సిరా అయిపోతుందనుకున్నారు కాబోలు. ఇక్కడ బడి పెట్టేసరికి అతని కొడుకు జొసాయాకి పెళ్ళే అయిపోయింది. ఆ జొసాయా ఈ లోయలోనే పుట్టాడని చెప్పే ముక్క ఒక్కటీ లేదు.”

“శనివారం రాయి చెక్కేస్తారు కదా!”

“చెక్కేస్తారు. లోయలో తొలుత స్థిరపడ్డ మొదటి కుటుంబాల పేర్లన్నీ ఒకేసారి. మళ్ళీ ఉలి పెట్టరు.”

క్లారీ తల దించుకున్నాడు. వాళ్ళమ్మ ఈ లోయలోనే పుట్టి పెరిగింది. అయినా టిబల్స్ వాళ్ళకి ఈ ఊళ్ళో మూలమే లేదంటూ అంగట్లో, చర్చిలో ఆమెను గాలికి కొట్టుకొచ్చినదానిలాగే చూశారు. ఆ మాటలు పడలేక చివరికి సంసారం ఎత్తేసి వెళ్ళిపోయింది. ఇప్పుడు అతని అక్క నెల్‌కి ఎనభై ఎనిమిది. వృద్ధాశ్రమంలో మంచం మీద ఉన్న ఆమెకు మిగిలిన కోరిక ఒక్కటే, ఆ రాతి మీద తమ ఇంటిపేరు ఉండాలి.

కానీ థెల్మా దగ్గర పప్పులుడకవు. కాగితం లేకపోతే మనిషి లేడన్నది ఆమె మాట. మేయరంతటివాడి దరఖాస్తునే రెండుసార్లు తిప్పి పంపింది. మొదటి కుటుంబాల్లో ఒకరని చెప్పే ఆమె సొంత సభ్యత్వ పత్రం మాత్రం ఆమె వెనక గోడ మీద అద్దాల చట్రంలో మెరుస్తూ ఉంటుంది.

క్లారీ లేచి, సంచిలోంచి ఆప్రికాట్ జామ్ సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

“లంచమా?” అంది థెల్మా.

“కాదు. ఇక వెతకొద్దని చెప్పమంది మా అక్క. ‘దొరక్కపోతే పోనీరా. అమ్మని ఊరంతా ఎక్కడినుంచి ఊడిపడ్డావని అడిగింది. అదే ఊళ్ళో ఒకావిడ అమ్మ కోసం మూడు నెలలు కళ్ళు పాడుచేసుకుంది. నాకది చాలు. నా బదులు ఆవిడ చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పిరా’ అంది.”

అని నిజంగానే చెయ్యి పట్టుకున్నాడు. సీసా మీద వణుకుతున్న అక్షరాలతో ‘థెల్మాకి’ అని రాసుంది. థెల్మా సీసాని తన వైపు జరుపుకుంది. ఆ గదికి వచ్చినవాళ్ళు పేరు దొరికితే గంతులేసేవారు, దొరక్కపోతే విసుక్కునేవారు. ఏమీ దొరక్కుండా థాంక్స్ చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు.

“కూర్చో అబ్బాయ్,” అంది. ఆ అబ్బాయికి అరవై ఆరు. “ఏడో నిబంధన చదివావా?”

“లేదు.”

“కాగితం లేనిచోట, మొదటి కుటుంబాల్లోని పెద్ద ఎవరైనా తమ ఇంట్లో తరతరాలుగా విన్నది రాసి సంతకం పెడితే చెల్లుతుంది.”

“మా సంగతి ఎవరు విన్నారు?”

థెల్మా కలం మూత తీసింది. “మా నానమ్మకి వాళ్ళ నానమ్మ చెప్పిందట. ఆ ఏడు వానకి ఏరు పొంగి గుర్రపు బళ్ళు ఆగిపోయాయి. ఓ ఖైదీ పెళ్ళానికి నొప్పులొచ్చి మా వంటగదిలోనే, రొట్టెల పొయ్యి పక్కన కనేసింది. గుడ్డలన్నీ తడిసిపోతే బిడ్డని పిండి సంచిలో చుట్టారు. మూడు రోజులదాకా వాడి జుట్టులోంచి పిండి రాలుతూనే ఉందట. వాడి పేరు జొసాయా.”

“మరి ఈ మూడు నెలలూ చెప్పలేదేం!”

“ముందు కాగితాలు వెతకాలి. నోటిమాట ఆఖర్న. పద్ధతంటే పద్ధతే.”

క్లారీ కళ్ళు తుడుచుకుంటూ అక్కడినుంచే ఫోన్ చేశాడు. “అక్కా, మన జొసాయాని పిండి సంచిలో చుట్టారటే!”

నెల్ నవ్వు గదిలోకి వినిపించింది. “అందుకేరా, మనింట్లో రొట్టె అంత బాగా కుదిరేది!” అంది. తర్వాత, “అమ్మ వినుంటే ఎంత బాగుండేది,” అంది.

అతను వెళ్ళాక థెల్మా వాంగ్మూలం పూర్తిగా రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసింది. జామ్ వేలితో తీసుకుని రుచి చూసింది. తర్వాత బీరువా కింది అరలోంచి నలభై ఏళ్ళ నాటి దరఖాస్తు ఒకటి బయటికి తీసింది. అది ఆమెదే. ఆమె పూర్వీకుడి పేరు కూడా ఆ కోసేసిన పేజీలోనే పోయింది. అప్పట్లో ఈ గదిని చూసుకున్న డోర్కస్ అనే పెద్దావిడ, తన నానమ్మ చెప్పిందంటూ రాసిచ్చిన వాంగ్మూలం దానికి గుచ్చి ఉంది.

“థాంక్స్ డోర్కస్,” అంది థెల్మా పైకే, దాన్ని మరోసారి చదువుకుంటూ.

అందులో బిడ్డ పేరొక్కటే వేరు. అదే వాన, అదే వంటగది, అదే పిండి సంచి.