అంచున ఉన్న గుడ్డు

పెరట్లో ఎలుకలు రాకుండా పెంచుకుంటున్న జెర్రిపోతు ఒకనాడు ఊకబుట్టలో ఆరు గుడ్లు పెట్టి సొమ్మసిల్లింది. పొడల కోడిపెట్ట పరుగున వచ్చింది.

"నువ్వు పడుకో చెల్లీ, నేను పొదుగుతాగా. నాకిదేమన్నా కొత్తా!"

"వెచ్చగా ఉంచితే చాలక్కా. ముక్కుతో మాత్రం తిప్పకు. గుడ్డు తిరగబడితే మా పిల్ల లోపలే పోతుంది" అంది పాము.

పెట్ట సరేనని ఎక్కి కూర్చుంది. బుట్ట మీద చింతనీడ ఊగుతుంటే దానికి మగత కమ్మేది. కలలో పాముపిల్లలు ఒంటినిండా ఈకలతో, కియ్ కియ్‌మంటూ దాని వెనకే పాకేవి.

ఇరవై ఒక్క రోజులయ్యాయి. కోడిపిల్లలైతే ఈపాటికి బయటికొచ్చేవి. ఇక్కడ చడీచప్పుడు లేదు. ఊరికే కూర్చుంటే అదేం పెంపకం అనిపించింది పెట్టకి. అంచున ఉన్న గుడ్డును ముక్కుతో మెల్లగా, ముద్దుగా దొర్లించింది. ఆ రోజు నుంచి ఆ ఒక్కదాన్నే, రోజూ.

ఎండలు ముదిరాక ఐదు గుడ్లు చీలి, ఐదు పిల్లలు నిగనిగలాడుతూ బయటికి జారాయి. ఆరోది కదల్లేదు.

"దీనికే ఏమైందో చెల్లీ" అంది పెట్ట. "అన్నిటికన్నా దీన్నే బాగా చూసుకున్నాను."

పాము ఆ గుడ్డు మీది ముక్కు గాట్లను చాలాసేపు చూసింది.

"తెలుస్తూనే ఉందక్కా" అంది.