రెండో మానిటర్

రుచిత రెండో మానిటర్ మీద ఏదో దాస్తోందని విష్ణువర్ధన్‌కి గట్టి అనుమానం.

చిరాగ్‌పల్లి దగ్గర, హైవే పక్కన ట్రాక్టర్ విడిభాగాలు చేసే చిన్న ఫ్యాక్టరీ అది. కింద షెడ్డు, పైన డ్రాయింగ్ గది. రెండింటికీ అతనే ఇన్‌ఛార్జి. రుచిత కోహీర్ నుంచి రోజూ బస్సులో వచ్చి కంప్యూటర్ మీద డ్రాయింగులు గీస్తుంది. ఇంట్లో సంపాదన ఆమె ఒక్కదానిదే. అంతకుముందు ఆ పని చేసిన లావణ్య ఉన్నట్టుండి మానేసింది. ఖాళీగా పడివున్న ఆమె మానిటర్‌ని రుచిత అడిగి తీసుకుంది.

"ఒకదాని మీద డ్రాయింగు, ఇంకోదాని మీద కొలతల పట్టిక పెట్టుకుంట సార్."

బల్ల కిందికి దూరి కేబుల్ తనే పెట్టుకుంది. డెస్క్‌టాప్ రెండు తెరల మీదికీ వచ్చేలా సెట్ చేసుకుంది. కానీ కొలతల పట్టిక విష్ణువర్ధన్‌కి ఒక్కసారీ కనిపించలేదు. ఎప్పుడు వెళ్ళినా రెండో తెర నల్లగానే ఉండేది.

ఆమె కూర్చునేది గోడకు ఎదురుగా. తలుపు ఆమె వీపు వెనక. అతను చప్పుడు కాకుండా వెళ్ళేవాడు. ఇంకా మూడడుగుల దూరం ఉండగానే ఆమె ఫైలు తీసుకుని లేచేది.

"ఏం చూస్తున్నవ్ అండ్ల?"

"ఏం లేదు సార్."

"ఏం లేకుంటె గట్ల లేస్తవెందుకు?"

"ప్రింట్ తీస్కోవాలె సార్."

అందరూ భోజనానికి దిగాక వెళ్ళి చూశాడు. అప్పుడూ తెర నల్లగానే ఉంది.

"మన డ్రాయింగులు బయటోళ్ళకు పంపుతున్నట్టుంది," అన్నాడు మిషన్ ఆపరేటర్ శివశంకర్‌తో.

"దినాం పదిసార్లు మీరే పైకి పోతున్నరు గద సార్. మీకే దొరకకపోతె ఇంకెవలకు దొరుకుతది?" శివశంకర్ నవ్వాడు.

విష్ణువర్ధన్ నవ్వలేదు. సోమవారం యజమానురాలు కృష్ణవేణికి చెప్పేశాడు.

"నిజమని తేలితే ఈ పూటే పంపించేస్తానండీ," అందామె.

ఇద్దరూ పైకి వచ్చారు. రుచిత అప్పటికే లేచి నిలబడింది. కృష్ణవేణి ఆ కుర్చీలో కూర్చుని మౌస్‌ని రెండో తెర మీదికి జరిపింది. తెల్లటి బాణం నలుపులో అటూ ఇటూ తిరిగింది. ఒక్క ఫైలు లేదు. వాల్‌పేపర్ కూడా ఉత్త నలుపే.

"చూసిన్రా మేడం, మొత్తం తుడిచేసింది!" విష్ణువర్ధన్ వెనక నుంచి వంగి అన్నాడు.

కృష్ణవేణి తెరకేసి చాలాసేపు చూసింది.

"మీరు కాస్త కిందికెళ్ళండి."

తలుపు మూసుకుంది.

"ఉద్యోగం పోయేలా ఉందమ్మాయ్. నిజం చెప్పు. దీన్ని నల్లగా ఎందుకు పెట్టావ్?"

రుచిత మూసిన తలుపుకేసి ఒకసారి చూసింది.

"తెర నల్లగుంటెనే నా ఎనకకొచ్చే సారు అండ్ల కనవడ్తడు మేడం, మీద చెయ్యి వడకముందే లేసి పక్కకు పోనీకి వస్తది."